గిటార్ కోసం పుట్టని ఆంప్‌తో గిటార్ రికార్డింగ్: ఏది పలుకుతుంది, ఎందుకు పలుకుతుంది

ఎలక్ట్రిక్ గిటార్‌ని ఖరీదైన మ్యూజిక్ సిస్టమ్‌కి తగిలించి డిస్టార్షన్ (స్వరాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) వేస్తే, చెవిలో తేనెటీగ దూరినట్టు ఉంటుంది. అదే గిటార్‌ని అరచేతిలో పట్టే 9 వోల్టుల బ్యాటరీ ఆంప్‌కి తగిలించి, దాని ముందు మైక్ పెట్టి రికార్డ్ చేస్తే, వినేవాళ్లు అది పెద్ద ఆంప్ అనుకోవచ్చు. మొదటిసారి ఈ తేడా విన్నప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. మంచి స్పీకర్‌లో చెడ్డగా, బొమ్మలాంటి డబ్బాలో మంచిగా వినబడటం ఏమిటి?

ఇంట్లో రికార్డింగ్ చేసుకునేవాళ్లు పెరిగాక ఈ ప్రశ్న తరచుగా వస్తోంది. పాత రేడియో, క్యాసెట్ రికార్డర్, బ్లూటూత్ స్పీకర్, కీబోర్డ్ ఆంప్, కంప్యూటర్ స్పీకర్లు… వీటిలో గిటార్ వాయించి రికార్డ్ చేయొచ్చా? అద్భుతంగా ఉంటుందని కొందరు, టైమ్ వేస్ట్ అని ఇంకొందరు అంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. ఏ వస్తువు గురించి ఏ మాట నిజమో తెలియాలంటే, గిటార్ ఆంప్ లోపల ఏం జరుగుతుందో ముందు చూడాలి.

ఆంప్ అసలు పని శబ్దం పెంచడం ఒక్కటే కాదు

ఆంప్లిఫయర్ అన్న పేరే మనల్ని కొంచెం పక్కదారి పట్టిస్తుంది. చిన్న సిగ్నల్‌ని పెద్దది చేయడమే దాని పని అనుకుంటాం. మ్యూజిక్ సిస్టమ్ విషయంలో అది నిజమే. లోపలికి వచ్చినది ఉన్నది ఉన్నట్టు బయటికి పంపాలని దాన్ని తయారుచేస్తారు. గిటార్ ఆంప్ అలా కాదు, అది వాయిద్యంలో సగభాగం. తీగ మోగడంతో మొదలైన స్వరం స్పీకర్ కోన్ దాటి గాల్లోకి వచ్చాకే పూర్తవుతుంది.

ఆ మధ్యలో సిగ్నల్ మూడు చోట్ల మారుతుంది. ఆంప్ లోపలికి అడుగుపెట్టేటప్పుడు పికప్ మీద, అంటే తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం మీద, పడే భారం మొదటిది. సర్క్యూట్ తన శక్తికి మించి పనిచేసినప్పుడు అల కొసలు తెగిపోవడం రెండోది. స్పీకర్ కొన్ని స్వరాల్ని మింగేసి కొన్నిటిని ముందుకు నెట్టడం మూడోది. వింత ఆంప్ ఏదైనా సరే, ఈ మూడు చోట్ల ఏం చేస్తుందో చూస్తే దాని సంగతి చాలావరకు తెలిసిపోతుంది.

మొదటి చోటు: పికప్ మీద భారం

పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. గిటార్ మీది లోహపు తీగ కదిలినప్పుడు ఈ చుట్టలో చిన్న వోల్టేజీ పుడుతుంది. ఇది బలమైన మూలం కాదు. ఎక్కువ కరెంటు ఇవ్వమంటే చతికిలపడుతుంది. ఆంప్ ఎంత కరెంటు అడుగుతుందన్నది దాని ఇన్‌పుట్ ఇంపెడెన్స్‌ని, అంటే సిగ్నల్‌కి అది పెట్టే అడ్డుని, బట్టి ఉంటుంది. ఇంపెడెన్స్ ఎక్కువైతే పికప్ మీద భారం తక్కువ, తక్కువైతే భారం ఎక్కువ.

గిటార్ ఆంప్ ఇన్‌పుట్ సాధారణంగా 10 లక్షల ఓమ్‌లు, అంటే 1 మెగాఓమ్. మ్యూజిక్ సిస్టమ్, కంప్యూటర్ స్పీకర్ల లైన్ ఇన్‌పుట్ చాలాసార్లు 10 వేల ఓమ్‌ల దగ్గర ఉంటుంది. ఈ తేడా ఎంత దెబ్బతీస్తుందో లెక్క వేసి చూద్దాం. పికప్ రెసిస్టెన్స్ 7 వేల ఓమ్‌లు, ఇండక్టెన్స్ (స్వరం పైకి వెళ్లేకొద్దీ ఎక్కువ అడ్డుపడే గుణం) 3 హెన్రీలు అనుకుందాం. లెక్క సులువుగా ఉండటానికి కేబుల్‌నీ గిటార్ మీది నాబ్‌లనీ పక్కన పెడుతున్నాను. 100 హెర్ట్జ్ దగ్గర ఆ కాయిల్ అడ్డుపడేది దాదాపు 1,900 ఓమ్‌లు మాత్రమే. 3,000 హెర్ట్జ్ దగ్గర అది సుమారు 56,500 ఓమ్‌లకు చేరుతుంది. 10 వేల ఓమ్‌ల ఇన్‌పుట్‌కి తగిలిస్తే, కింది స్వరాల్లో 58 శాతం వోల్టేజీ అందుతుంది, పై స్వరాల్లో 17 శాతమే మిగులుతుంది. మందు వేసుకుని పడుకున్న మనిషి గొంతులా గిటార్ మొద్దుగా వినబడేది అందుకే. 1 మెగాఓమ్ ఇన్‌పుట్‌లో ఈ నష్టం దాదాపు ఉండదు.

చాలామంది ఇక్కడే తప్పు లెక్క వేస్తారు. కంప్యూటర్ స్పీకర్‌కి గిటార్ తగిలించి, మొద్దుగా ఉందని విని, స్పీకర్ పనికిరాదని తేల్చేస్తారు. లోపం స్పీకర్‌ది కాదు. మధ్యలో బఫర్ (బలహీనమైన సిగ్నల్‌ని అందుకుని బలంగా ముందుకి పంపే చిన్న సర్క్యూట్) ఉన్న పెడల్ ఒకటి, మామూలు ట్యూనర్ పెడల్ అయినా సరే, పెడితే పికప్ మీద భారం ఆ పెడల్ వరకే ఆగిపోతుంది. దాని అవుట్‌పుట్ 10 వేల ఓమ్‌ల ఇన్‌పుట్‌ని తేలిగ్గా నడిపిస్తుంది. అయితే ఈ మొద్దుతనమే కావాలనిపించే సందర్భాలూ ఉన్నాయి. పాత తరహా ఫజ్ పెడల్స్‌లో, అంటే స్వరాన్ని బొంగురుగా గరగరలాడించే పెడల్స్‌లో, ఇన్‌పుట్ ఇంపెడెన్స్ తక్కువ. వాటి మెత్తదనంలో కొంత వాటా ఈ భారానిదే.

రెండో చోటు: అల కొస తెగినప్పుడు

బ్యాటరీ 9 వోల్టులే ఇస్తున్నప్పుడు సర్క్యూట్ అంతకంటే పెద్ద అలను పుట్టించలేదు. అల పైకొస, కిందికొస కత్తిరించినట్టు చదునవుతాయి. దీన్నే క్లిప్పింగ్ అంటారు. కొస చదునైతే అంతకుముందు లేని కొత్త స్వరాలు పుడతాయి. పైనా కిందా సమానంగా తెగితే మూల స్వరానికి 3, 5, 7 రెట్లు ఉండే బేసి హార్మోనిక్స్ వస్తాయి. ఒకవైపు ఎక్కువ తెగితే 2, 4 రెట్ల సరి హార్మోనిక్స్ కూడా కలుస్తాయి. వాల్వ్ (పాతకాలపు గాజు ట్యూబు) ఆంప్‌లో అల మెల్లగా ఒంగుతుందని, ట్రాన్సిస్టర్‌లో టక్కున తెగుతుందని అంటారు. మొత్తం మీద అది నిజమే కానీ, సర్క్యూట్ ఎలా వేశారన్నదాన్ని బట్టి మారిపోతుంది. జర్మేనియం ట్రాన్సిస్టర్ల పాత ఆంప్‌లు కొన్ని ఎంతో మెత్తగా ఒంగుతాయి.

చిన్న బ్యాటరీ ఆంప్‌లలో చాలా వాటి గుండె ఎల్ఎమ్386 అనే చిప్. అదనంగా ఏమీ పెట్టకపోతే సిగ్నల్‌ని 20 రెట్లు పెంచుతుంది. దాని 1, 8 కాళ్ల మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి పెడితే 200 రెట్లు. పికప్ నుంచి 0.1 వోల్టు వచ్చిందనుకుందాం. 20 రెట్లంటే 2 వోల్టులు, అది 9 వోల్టుల్లో హాయిగా ఇమిడిపోతుంది. 200 రెట్లంటే 20 వోల్టులు. అంత చోటు అక్కడ లేదు కాబట్టి అల నిలువునా తెగిపోతుంది. ఒక్క చిన్న కెపాసిటర్‌తో క్లీన్ ఆంప్ కాస్తా గరగరలాడే ఆంప్ అయిపోతుంది.

రెండు తీగలు కలిపి మోగించినప్పుడు ఇంకో చిక్కు ఉంది. క్లిప్పింగ్ వాటి తేడానీ మొత్తాన్నీ కూడా స్వరాలుగా పుట్టిస్తుంది. 110 హెర్ట్జ్ ‘ఎ’, 165 హెర్ట్జ్ ‘ఇ’ కలిపితే తేడా 55, మొత్తం 275. 55 అంటే అదే ‘ఎ’ ఒక ఆక్టేవ్ కింద. చక్కగా ఇమిడిపోయి, కింద ఎవరో బేస్ వాయించినట్టు ఉంటుంది. అదే 110కి 138.6 ‘సి షార్ప్’ కలిపితే తేడా 28.6, మొత్తం 248.6. ఈ 248.6 ‘బి’ స్వరానికి దగ్గరగా ఉంటుంది కానీ సరిగ్గా కాదు, పైగా మనం పట్టుకున్న రెండు స్వరాల్లో అది లేనే లేదు. అందుకే గట్టి డిస్టార్షన్‌లో పవర్ కార్డ్ (పైన చెప్పిన ‘ఎ’, ‘ఇ’ లాంటి జంట) నిలబడుతుంది, పూర్తి మేజర్ కార్డ్ బురద అవుతుంది. మీ చిన్న ఆంప్ కార్డులు పలకడం లేదనిపిస్తే, చాలాసార్లు దాని నాణ్యతని కాక ఈ లెక్కని చూడాలి.

ఈ తెగిన అలలు ఇష్టమైన స్వరంగా మారిన కథల్లో గిటార్ కోసం తయారుకాని వస్తువులు చాలా ఉన్నాయి. 1960ల మొదట్లో అమెరికాలోని నాష్‌విల్‌లో ఒక రికార్డింగ్ జరుగుతుండగా మిక్సింగ్ కన్సోల్‌లో ట్రాన్స్‌ఫార్మర్ చెడిపోయి, గ్రేడీ మార్టిన్ వాయిస్తున్న బేస్ గరగరమంది. ఇంజనీర్ గ్లెన్ స్నాడీ ఆ లోపాన్ని సర్క్యూట్‌గా మలిచారు. అది 1962లో మాయెస్ట్రో ఫజ్-టోన్ అనే పెడల్‌గా మార్కెట్లోకి వచ్చింది. 1964లో కింక్స్ బృందం గిటారిస్టు డేవ్ డేవిస్ ఎల్పికో అనే చిన్న ఆంప్ స్పీకర్ కోన్‌ని బ్లేడుతో కోసి, ఆ ఆంప్‌ని వాక్స్ ఏసీ30 అనే పెద్ద గిటార్ ఆంప్ ముందు కలిపాడు. 1968లో బీటిల్స్ గిటార్లని ఆంప్ లేకుండా నేరుగా స్టూడియో కన్సోల్‌కి తగిలించి, రెండు ప్రీఆంప్‌లని (సిగ్నల్‌ని మొదట పెంచే సర్క్యూట్లని) ఒకదాని వెనక ఒకటి పెట్టి హద్దు దాటించారు. అదే ఏడాది కీత్ రిచర్డ్స్ అకూస్టిక్ గిటార్‌ని ఫిలిప్స్ క్యాసెట్ రికార్డర్‌లో పట్టనంత గట్టిగా రికార్డ్ చేసి, ఆ శబ్దాన్ని చిన్న స్పీకర్‌లో వినిపించి మళ్లీ స్టూడియో టేపులోకి ఎక్కించాడు.

మూడో చోటు: స్పీకర్ ఏం మింగేస్తుంది

తేనెటీగ సంగతి ఇక్కడ విడిపోతుంది. గిటార్ ఆంప్‌లోని 12 అంగుళాల స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక వేగంగా పడిపోతుంది. పై స్వరాల కోసం పెట్టే చిన్న స్పీకర్, అంటే ట్వీటర్, ఉండదు. మ్యూజిక్ సిస్టమ్, పీఏ (సభల్లో వాడే సౌండ్ సిస్టమ్), కీబోర్డ్ ఆంప్ అన్నీ ట్వీటర్ సాయంతో 15 వేలు, 20 వేల హెర్ట్జ్ దాకా వెళ్తాయి. క్లిప్పింగ్‌లో పుట్టిన హార్మోనిక్స్ కూడా అంత పైకి వెళ్తాయి. గిటార్ స్పీకర్ వాటిని మింగేస్తుంది, మ్యూజిక్ సిస్టమ్ ఒక్కటి కూడా వదలకుండా వినిపిస్తుంది. దాని తప్పేమీ లేదు, తన పని తాను నిజాయితీగా చేస్తోంది. ఈక్వలైజర్‌లో 5,000 పైన కోసేస్తే అదే మ్యూజిక్ సిస్టమ్ ఒక్కసారిగా గిటార్ ఆంప్‌లా మాట్లాడటం మొదలుపెడుతుంది.

మరి 3 అంగుళాల స్పీకర్ సంగతి? దాని కష్టం కింది స్వరాల్లో. 200 హెర్ట్జ్ కంటే కింద అది దాదాపు మూగ. గిటార్ లావు ‘ఇ’ తీగ 82 హెర్ట్జ్. అంటే ఆ తీగ వినబడకూడదు. కానీ వినబడుతుంది. ఆ తీగలో 82తో పాటు 164, 246, 328, 410… ఇలా హార్మోనిక్స్ ఉంటాయి. 246 నుంచి పైవన్నీ చిన్న స్పీకర్ పలుకుతుంది. వాటి మధ్య ఎడం ప్రతిసారీ 82 కాబట్టి, అసలు స్వరం 82 అని మన మెదడు తేల్చుకుంటుంది. క్లిప్పింగ్ ఈ హార్మోనిక్స్‌ని ఇంకా బలపరుస్తుంది కాబట్టి ఆ భ్రమ గట్టిపడుతుంది. పైగా పాటలో బేస్ గిటార్, డ్రమ్స్ కింది స్వరాల్ని ఎలాగూ నింపేస్తాయి. మిక్స్ చేసేటప్పుడు పెద్ద ఆంప్ గిటార్‌లో కూడా 80, 100 హెర్ట్జ్ కంటే కిందిది కోసేయడం మామూలే. చిన్న డబ్బా ఆ పని ముందే చేసి పెడుతుంది. ఒంటరిగా విన్నప్పుడు పీలగా అనిపించిన గిటార్ పాటలో కూర్చోబెట్టగానే తన చోటు తాను దొరకబుచ్చుకుంటుంది. ఈ ఒక్క విషయం అనుభవంలోకి వచ్చాక చిన్న ఆంప్‌ల మీద నాకు గౌరవం పెరిగింది.

వాట్లు రికార్డింగ్‌లో ఎటు పోతాయి

స్టేజి మీద వాట్లు ముఖ్యం. మైక్ ముందు వాటి అర్థం మారిపోతుంది. గిటార్ స్పీకర్ 1 వాట్‌కి 1 మీటరు దూరంలో 97 డెసిబెల్స్ ఇస్తుందనుకుందాం. 5 వాట్లకి అది 104, 50 వాట్లకి 114. పవర్ పది రెట్లు పెరిగితే 10 డెసిబెల్స్ పెరుగుతాయి, అది చెవికి సుమారు రెట్టింపు శబ్దంగా తోస్తుంది. అంటే 50 వాట్ల ఆంప్ 5 వాట్ల ఆంప్‌కి పది రెట్లు కాదు, రెండు రెట్లే.

ఇప్పుడు అర వాట్ బ్యాటరీ ఆంప్, 85 డెసిబెల్స్ ఇచ్చే చిన్న స్పీకర్. 1 మీటరు దూరంలో 82 డెసిబెల్స్, పక్క గదిలో పసిపిల్ల నిద్ర చెడకుండా వాయించుకోవచ్చు. మైక్‌ని 5 సెంటీమీటర్ల దగ్గరికి తెస్తే దూరం 20వ వంతుకి తగ్గింది కాబట్టి సుమారు 26 డెసిబెల్స్ కలుస్తాయి. మొత్తం 108. మరీ దగ్గరలో ఈ లెక్క అచ్చంగా పొసగదు కానీ అంచనాకి సరిపోతుంది. మైక్‌కి ఇది బలహీనమైన శబ్దం కానే కాదు. పాట విన్నప్పుడు గిటార్ ఎంత గట్టిగా ఉండాలన్నది మిక్స్‌లోని ఫేడర్ చెబుతుంది, ఆంప్ కాదు.

దీనికి తిరుగులేని ఉదాహరణ క్వీన్ బృందంలో ఉంది. ఎలక్ట్రానిక్స్ చదివిన బేసిస్టు జాన్ డీకన్‌కి 1970ల మొదట్లో ఎవరో పారేసిన సర్క్యూట్ బోర్డు ఒకటి దొరికింది. దాన్ని షెల్ఫ్‌లో పెట్టుకునే స్పీకర్ పెట్టెలో బిగించాడు. జర్మేనియం ట్రాన్సిస్టర్లు, ఒక 9 వోల్టుల బ్యాటరీ, నాబ్‌లేమీ లేవు. ఆ బృందం గిటారిస్టు బ్రయాన్ మే దాని ముందు ట్రెబుల్ బూస్టర్ (పై స్వరాల్ని పెంచే పెట్టె) పెట్టి, ఒకదాని మీద ఒకటిగా గిటార్లు రికార్డ్ చేసి, 1975లో క్లారినెట్, ట్రాంబోన్ లాంటి వాయిద్యాల బృందాన్నే పలికించాడు. మూడు చోట్లా ఏం జరిగిందో చూడండి: బూస్టర్ పికప్‌కీ ఆంప్‌కీ మధ్య నిలిచింది, జర్మేనియం మెత్తగా ఒంగింది, చిన్న స్పీకర్ కింద, పైన కోసేసింది.

ఒక్కో వస్తువు ఎలా ప్రవర్తిస్తుంది

పాత వాల్వ్ రేడియోల్లో చాలా వాటికి వెనక గ్రామఫోన్ పికప్ సాకెట్ ఉండేది. ఆ కాలపు క్రిస్టల్ పికప్‌లకి ఎక్కువ ఇంపెడెన్స్ ఇన్‌పుట్ కావాలి. అది గిటార్‌కీ సరిపోవడం అనుకోకుండా దొరికిన వరం. అవుట్‌పుట్‌లో వాడిన ఈఎల్84 వాల్వే వాక్స్ ఏసీ30లోనూ ఉంది, అక్కడ నాలుగు, రేడియోలో తరచుగా ఒకటి. క్రిస్టల్ పికప్ గిటార్ కంటే ఎక్కువ వోల్టేజీ ఇచ్చేది కాబట్టి రేడియోని గరగరలాడించాలంటే ముందు బూస్టర్ కావాలి.

క్యాసెట్ రికార్డర్ మైక్ ఇన్‌పుట్‌లో ఆటోమేటిక్ లెవెల్ ఉంటుంది. మీరు గట్టిగా మీటగానే అది శబ్దాన్ని నొక్కేస్తుంది, స్వరం సన్నబడేకొద్దీ మళ్లీ పైకి లేపుతుంది, దాంతో పాటు హిస్ కూడా లేస్తుంది. ఊపిరి పీల్చి వదిలినట్టుండే ఈ కదలిక కొన్ని పాటలకి ప్రాణం, కొన్నిటికి చిరాకు.

బ్లూటూత్ స్పీకర్ గురించి చాలామంది ఆశ పెట్టుకుంటారు. బ్లూటూత్‌లో ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటడం మామూలే, అలా వాయించడం కుదరదు. ఆక్స్ వైరుతో తగిలించినా అందులోని డిజిటల్ లిమిటర్ స్పీకర్‌ని కాపాడటానికి సిగ్నల్‌ని నొక్కేస్తుంది కాబట్టి తెగడం జరగదు. రెండో చోటు పూర్తిగా మూసేశారన్నమాట. డిస్టార్షన్ పెడల్ ముందుంటే మాత్రం దాన్ని ఉత్త స్పీకర్‌గా వాడుకోవచ్చు.

బేస్ ఆంప్ గిటార్‌కి దగ్గరి చుట్టమే. మార్షల్ మొదటి ఆంప్ జేటీఎమ్45 సర్క్యూట్ ఫెండర్ బేస్‌మన్‌ని చూసి తయారైంది, ఆ బేస్‌మన్ బేస్ కోసం పుట్టిన ఆంప్. ట్వీటర్ ఉన్న బేస్ ఆంప్‌లో దాన్ని ఆపేస్తే చాలు. కీబోర్డ్ ఆంప్, పీఏ క్లీన్ స్వరాలకి బాగుంటాయి.

ప్రాణాపాయం ఉన్న చోటు

బ్యాటరీ ఆంప్‌తో భయం లేదు. గోడ ప్లగ్‌కి తగిలే పాత రేడియోలతో ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా తయారైన సెట్లు చాలా ఉండేవి. వాటిలో కరెంటు లైన్ ఒకటి నేరుగా ఛాసిస్‌కి, అంటే లోపలి లోహపు చట్రానికి, కలిసి ఉంటుంది. అలాంటిదానికి గిటార్ తగిలిస్తే కేబుల్ షీల్డ్ ద్వారా మెయిన్స్ కరెంటు తీగల మీదికి, వాయించే వేళ్ల మీదికి వస్తుంది. ప్లగ్ పీకేసిన వాల్వ్ సెట్‌లో కూడా కెపాసిటర్లు వందల వోల్టుల్ని దాచుకుని ఉండగలవు. తెలిసిన టెక్నీషియన్ చూడకుండా అలాంటి సెట్‌కి గిటార్ తగిలించడం గురించి నేను ఒక్క మంచి మాట కూడా చెప్పలేను.

ఇంకో పొరపాటు పరికరాల ప్రాణం తీస్తుంది. ఆంప్ స్పీకర్ అవుట్‌పుట్‌ని నేరుగా ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌లోకి శబ్దాన్ని ఎక్కించే పెట్టె) లైన్ ఇన్‌పుట్‌కి కలపడం. 5 వాట్లు, 8 ఓమ్‌లు అంటే 6.3 వోల్టులు. ప్రొఫెషనల్ లైన్ లెవెల్ 1.23 వోల్టులు. వాల్వ్ ఆంప్‌కి స్పీకర్ తీసేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం కూడా ఉంది. పీఏఎమ్8403 లాంటి చిన్న డిజిటల్ ఆంప్ చిప్‌లలో స్పీకర్ రెండు వైర్లలో ఏదీ గ్రౌండ్ కాదు, ఒకదాన్ని ఇంటర్‌ఫేస్ గ్రౌండ్‌కి కలిపితే చిప్ పాడవుతుంది.

సాఫ్ట్‌వేర్ ఉండగా ఇదంతా ఎందుకు?

ఈ ప్రశ్న న్యాయమైనదే. ఇంటర్‌ఫేస్‌లో గిటార్ ఇన్‌పుట్, కంప్యూటర్‌లో ఆంప్ మోడల్, స్పీకర్ బదులు ఇంపల్స్ రెస్పాన్స్. గదిలో చప్పుడు ఉండదు, వాయించాక కూడా స్వరం మార్చుకోవచ్చు, రేపు అదే స్వరం మళ్లీ వస్తుంది. బ్యాటరీ సగం అరిగిన డబ్బా రేపు అలాగే పలుకుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. వారానికో పాట పూర్తి చేయాల్సినవాళ్లు సాఫ్ట్‌వేర్ వైపు మొగ్గడంలో ఆశ్చర్యం లేదు.

రెండోవైపు వాదనకీ సాంకేతిక బలం ఉంది. ఇంపల్స్ రెస్పాన్స్ స్పీకర్ ఏ స్వరాన్ని ఎంత వినిపిస్తుందో పట్టుకుంటుంది. కానీ గట్టిగా మీటినప్పుడు కోన్ వణకడం, ప్లాస్టిక్ పెట్టె కీచుమనడం దానికి అందవు. చిన్న చవక స్పీకర్ వ్యక్తిత్వమంతా అక్కడే ఉంటుంది. అసలు ఆంప్‌ని విని దాని తీరు నేర్చుకునే న్యూరల్ ఆంప్ మోడలర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లు ఇప్పుడు ఆ ఒంగే తీరుని కూడా చాలా దగ్గరగా పట్టుకుంటున్నాయి. అయితే వాటికీ నేర్పడానికి ముందు ఒక అసలు డబ్బా ఉండాలి. నా మొగ్గు ఎటో చెప్పమంటే, క్లీన్, భారీ డిస్టార్షన్ స్వరాలకి సాఫ్ట్‌వేర్, పాటలో ఒక మూల వింతగా మెరవాల్సిన గిటార్‌కి డబ్బా.

రెండూ కలిపితే వచ్చే చిక్కు

చాలామంది గిటార్‌ని నేరుగా ఒక ట్రాక్‌లో, మైక్‌తో ఇంకో ట్రాక్‌లో ఒకేసారి రికార్డ్ చేస్తారు. మంచి పద్ధతే, కానీ శబ్దం గాల్లో 34 సెంటీమీటర్లు వెళ్లడానికి సుమారు 1 మిల్లీసెకను పడుతుంది. మైక్ అంత దూరంలో ఉంటే రెండు ట్రాక్‌ల మధ్య ఆ ఆలస్యం ఉంటుంది. సమానంగా కలిపినప్పుడు 500, 1,500, 2,500 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్ని ఒకటి చెరిపేసుకుంటాయి. గిటార్ డొల్లగా మారి, పాపం ఆంప్ మీద నింద పడుతుంది. మైక్ ట్రాక్‌ని 1 మిల్లీసెకను ముందుగా మొదలయ్యేలా జరిపితే స్వరం తిరిగి నిండుతుంది.

నేరుగా తీసిన ఆ క్లీన్ ట్రాక్‌తో ఇంకో పని ఉంది. దాన్ని ఇంటర్‌ఫేస్ నుంచి బయటికి పంపి, డబ్బా ఆంప్‌లో వినిపించి, మైక్‌తో మళ్లీ రికార్డ్ చేయొచ్చు. దీన్ని రీఆంపింగ్ అంటారు. ఒకే వాయింపుని ముందు రేడియోలో, తర్వాత క్యాసెట్ రికార్డర్‌లో, తర్వాత బ్యాటరీ ఆంప్‌లో పలికించి పక్కపక్కన పెట్టి వినొచ్చు. లైన్ అవుట్‌పుట్ పికప్ కంటే చాలా బలమైనది కాబట్టి లెవెల్ బాగా తగ్గించి పంపాలి. అప్పుడు ఇన్‌పుట్ 10 వేల ఓమ్‌లైనా పై స్వరాలు పోవు, ఎందుకంటే దాన్ని నడిపిస్తున్నది ఇక పికప్ కాదు.